ఆమె పిలిస్తే వచ్చిన మేకలు

గోదావరి లంకలో అడవి పట్టిన మేకల్ని వాటిని సాకిన మనిషే పిలిచి చంపించిందనీ, మాంసంలో ఒక పోగు కూడా పుచ్చుకుందనీ మా ఊళ్లో ఇప్పటికీ అంటారు. అది అబద్ధం. అబద్ధమని మొన్నటిదాకా తెలిసినవాళ్లం ఇద్దరమే, ఆమె, నేను. ఆమె చెబితే ఎవరూ నమ్మలేదు. నేను చెప్పలేదు.

కొత్తపేట దాటాక గౌతమి పాయలో మాకు కొంచెం లంక భూమి ఉంది. పెద్ద వరద వచ్చిన ఏడు ఊరివాళ్లు పశువుల్ని గట్టు మీదికి తోలుకొచ్చారు గానీ, ఆమె మేకలు లంకలోనే చిక్కుకుపోయాయి. భర్త లేని మనిషి, ఆ మేకలే ఆధారం. నీళ్లు తీశాక చూస్తే మెరక మీద కొన్ని బతికున్నాయి. పట్టబోతే రెల్లులోకి పారిపోయాయి. ఏళ్లు గడిచేకొద్దీ పిల్లలు పెట్టి పూర్తిగా అడవివైపోయాయి. మనిషి వాసన తగిలితే చాలు, కనిపించేవి కావు. మేం నాటిన కొబ్బరి మొక్కల మొవ్వులు మాత్రం తెల్లారేసరికి ఉండేవి కావు. వలలు వేశాం, కుక్కల్ని వదిలాం. లాభం లేకపోయింది.

పంట కాపలాకని మా నాన్నగారు తీసుకున్న పన్నెండు బోరు తుపాకీ అప్పటికి నా పేరు మీదికి మారింది. కొట్టక తప్పదంటే బాధ పెట్టకుండా కొట్టాలని రాజమండ్రి తుపాకుల షాపుకి వెళ్లి అడిగాను.

"పాయింట్ టూటూ రైఫిలు జోలికెళ్లకండి," అన్నాడు షాపాయన. "పిట్టకి సరిపోద్ది గానీ మేకకి చాలదు. దెబ్బ తిని పరిగెట్టి, ఏ పొదలోనో పడి కొట్టుకుంటది. రైఫిలైతే త్రీ ఫిఫ్టీన్ బోరు ఉండాలండి. దూరం నుంచి కొట్టినా జబ్బ వెనకాల తగిలిందంటే ఉన్నచోటే కూలిపోద్ది."

రైఫిలుకి నాకు లైసెన్సు లేదు. నా తుపాకీకి లావుపాటి సీసపు గుళ్లుండే ఎల్జీ తూటాలిచ్చాడు. "ఇవి బాగా దగ్గర్నుంచైతేనేనండి. దూరమైతే గుళ్లు చెదిరిపోయి ఒకటి కాలికీ, ఒకటి పొట్టకీ తగులుద్ది. మరి అంత దగ్గరికి రానిస్తాయా అవి?"

రానివ్వవు. బస్సులో ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచించాను. రావులపాలెంలో దిగేసరికి ఆమె గుర్తొచ్చింది.

వరసకి అత్త అని పిలిచేవాణ్ణి. మర్నాడు వాళ్ల గుమ్మంలో నిలబడి, "అత్తా, నీ గొంతు వింటే వస్తాయేమో. వలేసి పట్టేద్దాం. పట్టినవి నీవే," అన్నాను.

"ఇన్నేళ్లయ్యేక నా మొహం గుర్తుంటదంటారా అల్లుడుగారూ?"

"నీ మొహం సంగతి తెలీదు గానీ, నువ్వు రోజూ చూపించి పిలిచిన పనస మండ గుర్తుండదా?"

"అయితే నాకంటే మండే నయమన్నమాట!" అని నవ్వి, లోపలికి వెళ్లి చీర మార్చుకొచ్చింది. మేకల కోసం చీర మార్చుకున్న మనిషిని నేను మరొకర్ని చూడలేదు.

పడవలో పైన వల పరిచాను. కింద పరదా గుడ్డలో చుట్టిన తుపాకీ ఉంది.

వల విసరడానికని చెప్పి నేను మెరక మీది కాపలా పాక తడిక చాటున నిలబడ్డాను. ఆమె ముందుకెళ్లి పనస మండ పైకెత్తి, నాలుక అంగిట్లో ఆడిస్తూ పిలిచింది. "రాయే తల్లీ, రాయే." చాలాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత రెల్లు రెండుగా విడిపోయి ఒక ముసలి మేక తల బయటపెట్టింది. దాని వెనక ఇంకొకటి. ముసలిది నడుచుకుంటూ వచ్చి ఆకు అందుకుంది. ఆమె వీపు నాకేసి ఉంది. "అల్లుడుగారూ, ఇది నాదేనండీ, చెవికి నేను పెట్టిన గాటు చూడండి," అంటోంది.

ఆమె మేక చెవి పట్టుకుని చూపిస్తోంది. తడిక చాటు నుంచి నేను వెనకదాన్ని కొట్టాను. అది ఉన్నచోటే పడిపోయింది. షాపాయన చెప్పింది నిజమే. మోతకి ముసలిది బెదిరి పక్కకి దూకింది. రెండో గొట్టం పేల్చాను. గుళ్లు దాని నడుముకి తగిలాయి. దెబ్బ తిన్న మేక రెల్లులోకి పారిపోవాలి. అది ముంగాళ్ల మీద ఈడ్చుకుంటూ ఆమె దగ్గరికే వెళ్లింది. వెళ్లి ఆమె చీర కుచ్చెళ్లలో తల పెట్టింది.

అది చనిపోయేదాకా ఆమె దాని తల నిమురుతూనే ఉంది. మేకలు బెదరకుండా రెండో పడవలో దూరంగా ఆపిన మా మనుషులు మోత విని వచ్చారు. "ఎంత దగ్గర్నుంచి కొట్టేరండీ! భలే రప్పించేరు," అన్నారు. "నేను కాదు, అత్త పిలిచింది," అన్నాను. నా నోటి నుంచి వచ్చింది అంతే. మిగతాది ఊరు కల్పించుకుంది. ఆమె గుమ్మంలోకి మాంసం పోగు పంపించింది కూడా నేనే. ఆమె దాన్ని ఆకుతో సహా పెరట్లో పాతిపెట్టిందని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి నన్ను అల్లుడుగారూ అనలేదు. ఎదురుపడితే 'అండి' అనేది, అంతే. ఎక్కడ ఎవరు మేకల్ని పిలిచినా నాకు రెల్లు విడిన చప్పుడే వినిపిస్తుంది.

ఆరోజు తప్పించుకున్న మేకలు మళ్లీ పెరిగాయి. మొన్న లంకలో అరటి వేసిన కుర్రాళ్లు ఇద్దరు మా అరుగు మీదికి వచ్చారు. ఒకతను మస్కట్ నుంచి తిరిగొచ్చి సేద్యం చేస్తున్నాడు. రైఫిలు లైసెన్సు వచ్చిందట.

"ఏ బోరైతే బాధ లేకుండా పోతాయండీ? మీకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తదండి?" అన్నాడతను.

రెండోవాడు నవ్వాడు. "బోరెందుకురా? ఆ ముసలావిడకి ఒక పోగు ఎక్కువిస్తే మళ్లీ పిలుస్తది."

అప్పుడు చెప్పాను. వల సంగతి, పరదా సంగతి, పోగు ఎవరు పంపారో, అన్నీ. కుర్రాళ్లు నవ్వడం మానేశారు. బోరు సంగతీ చెప్పాను, త్రీ ఫిఫ్టీన్ అని. "ఆమె గుమ్మం తొక్కారంటే మాత్రం ఊరుకోను. ఇప్పుడు నేను చెప్పింది టీకొట్టు దగ్గర కూడా చెప్పండి," అన్నాను.

సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లాను. చూపు తగ్గింది. గొంతుని బట్టి నన్ను గుర్తుపట్టింది. కుర్రాళ్లకి నిజం చెప్పేశానన్నాను.

"మేకల్ని కొట్టేస్తారాండీ?"

"కొడతారేమో అత్తా. రైఫిలుంది."

"దూరం నుంచేనా?"

"దూరం నుంచే."

"అయితే నయమేనండి," అంది. "ఎవరో పిలిచి చంపేరని అవి అనుకోవు."