మూడో నాజిల్

సర్వసృష్టికి మూలమైన నా తండ్రికి స్తోత్రం. ములకలపల్లి దాటాక వచ్చే అడవి దారిలో ఇన్నేళ్లుగా నా బండినీ, అందులో కూర్చున్నవాళ్లనూ కాచినవాడు ఆయనే. జరిగింది చెప్పే ముందు ఈ మాట చెప్పాలి. లేకపోతే కిందిదంతా ఫిర్యాదులా వినిపిస్తుంది.

నాది పాత పికప్ బండి. బొగ్గుబావి వర్క్‌షాపులో ఫిట్టర్‌గా రిటైరయ్యాక కొనుక్కున్నాను. వారమంతా మిర్చి బస్తాలు, సిమెంటు. ఆదివారం మాత్రం అడవి అంచు గూడేల నుంచి విశ్వాసులను మందిరానికి తేవడం. నడుము నొప్పి వల్ల స్టీరింగు మా సంఘంలోని ఒక తమ్ముడికి ఇచ్చాను. బండి అతని వాకిట్లోనే ఉండేది. శుక్రవారాలు ఇద్దరం కలిసి ఉపవాసం ఉండేవాళ్లం. తోడబుట్టినవాళ్లకు చెప్పుకోనివి కూడా అతనికి చెప్పుకున్నాను.

వానలు తగ్గాక బండికి మిస్సింగ్ మొదలైంది. ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపు, వెనక తెల్లపొగ. ఒక ఆదివారం గూడెం అవ్వలు సగం దారిలో దిగి నడిచి వచ్చారు.

"ఇది ఇంజన్ రోగం కాదన్నా. మనం చేస్తున్న పనికి సాతానుకు కన్ను కుట్టింది," అన్నాడు తమ్ముడు.

"ఒకసారి బానెట్ లేపి చూస్తా."

"సంఘమంతా ప్రార్థనల పెట్టినంక నువ్వు పానా పడితే ఏమన్నట్టు? నమ్మకం లేనట్టే గదా?"

ఆ మాటకు ఆగిపోయాను. మా దగ్గర ఆ పట్టింపు ఉంది. ఒక సంగతిని ప్రార్థనలో పెట్టాక మళ్లీ దాని మీద చెయ్యి వేస్తే దేవుణ్ణి సందేహించినట్టే. ఆరాధన అయ్యాక అందరం బానెట్ మీద చేతులుంచాం. అందరికంటే గట్టిగా ఏడ్చింది అతనే. జీవితమంతా ఇంజన్లు విప్పిన నేను కళ్లు మూసుకుని ఆమెన్ అన్నాను.

చివరికి ఒక అవ్వ తిట్టింది. "దేవుడు నీకు చేతులెందుకిచ్చిండు బిడ్డా, చప్పట్లు కొట్టనీకేనా? నడిచి నడిచి నా కాళ్లు పోతున్నయి."

శనివారం మధ్యాహ్నం బండి మా ఇంటికి తెచ్చుకుని బానెట్ ఎత్తాను. ఇంజన్ నడుస్తుండగానే, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకు వెళ్లే పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి, మళ్లీ బిగిస్తూ పోయాను. బాగున్న సిలిండర్‌కు డీజిల్ తగ్గితే ఇంజన్ గొంతు పడిపోతుంది. మొదటిదానికి పడింది. రెండోదానికీ పడింది. మూడోది వదులు చేస్తే ఏ మార్పూ లేదు. ఇంజన్ ఆపి ఆ నాజిల్ బయటికి తీశాను. మసి పట్టి, మూతి అరిగిపోయిన పాతది.

వానలకు ముందే నాలుగూ కొత్తవి వేశాను. వర్క్‌షాపు అలవాటు కొద్దీ నేను బిగించే ప్రతి సామాను మీదా పంచ్‌తో చిన్న చుక్క కొడతాను. దీని మీద చుక్క లేదు.

ఆ మధ్యే తమ్ముడు కూడా అలాంటి పాత బండే కొన్నాడు. నాజిల్‌ను గుడ్డలో చుట్టుకుని అతని ఇంటికి వెళ్లాను.

"వందనాలన్నా! ఏంది గిట్లొచ్చినవ్?"

గుడ్డ విప్పాను. "నీ బండి బానెట్ లేపు తమ్మీ."

అతను లేపలేదు. "కిరాయి ఒప్పుకున్ననన్నా. నా బండేమో ఎత్తు ఎక్కుతలేదు. నీది దేవుని పనికి పోయే బండి గదా, ఆయనే చూసుకుంటడనుకున్న."

"మరి బానెట్ మీద చెయ్యేసి ఏడ్సినవ్ గదా?"

"ఏడ్సింది నిజమేనన్నా."

అదే నన్ను కోసింది. దొంగ ఏడుపైతే ఎలాగో మరిచిపోయేవాణ్ణి. నా నాజిల్ తెచ్చి సాయంత్రం తనే బిగించాడు. బండి కుదుపు లేకుండా నడిచింది.

మర్నాడు ప్రభువు బల్ల, యేసు పేర రొట్టె పంచుకునే ఆదివారం. మా సంఘంలో రొట్టె తీసుకునే ముందు, మనసులో మాట పట్టింపులున్నవాళ్లు ఒకరి చేతులొకరు పట్టుకుని సమాధానపడాలి. అతను అందరి ముందూ వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. "క్షమించన్నా." క్షమించానంటే అబద్ధం. అనకుండా రొట్టె ముట్టలేను. పళ్లెం నా దగ్గరికి వచ్చినప్పుడు పక్కవాళ్లకు జరిపాను. అతను మాత్రం తీసుకున్నాడు.

తర్వాతి బల్లకు కూడా పళ్లెం జరిపే కూర్చున్నాను. చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కళ్లు మూయండి. అతన్ని మార్చమని అడగకండి, అది తండ్రి చూసుకుంటాడు. క్షమించానన్న మాట నా నోట అబద్ధం కాకుండా రావాలని నాతో కలిసి అడగండి. ఆమెన్ మాత్రం నా కోసం మీరే అనండి.