చిన్నమ్మ పెట్టని వాత

ఇన్నేళ్లుగా ఈ మాట నా గొంతులోనే ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. నువ్వు నాకేమీ కావు కాబట్టి నీకు చెబుతున్నాను.

నా కూతురు, మా గుంట, చిన్నగా ఉన్నప్పుడే నా మొగుడు నన్నొదిలేసి ఇంకోదాన్ని తెచ్చుకున్నాడు. గుంట నా దగ్గరే ఉండాలని, పోషణ ఖర్చు అతనివ్వాలని, నేను కాఫీ పళ్లు కోయడానికి పోయే రోజుల్లో మాత్రం పిల్ల వాళ్లింట్లో ఉండాలని కోర్టులో రాసుకున్నాం. హుకుంపేట సంతలో పిల్లని అప్పగించుకునేవాళ్లం.

తిరిగొస్తే దాని నోట్లో చిన్నమ్మ, అదే అతని రెండో పెళ్లాం, తప్ప ఇంకో మాట లేదు. చిన్నమ్మ చోడి అంబలి బాగా కాస్తాదట. జడ నొప్పెట్టకుండా వేస్తాదట. నేను వేస్తుంటే "అలా కాదమ్మా" అంది ఓసారి. ఆమె నా మొగుణ్ణి పట్టుకుపోయింది, పోనీ, పీడా పోయింది. నా పిల్లని కూడానా?

ఆ ఏడు గుంటకి కడుపుబ్బింది. అలాంటప్పుడు మావైపు కొడవలి కాల్చి బొడ్డు పక్కన వాత పెడతారు. మా అమ్మ పెట్టింది. పెట్టమన్నది నేను. పిల్ల కాళ్లు పట్టుకున్నదీ నేనే.

తర్వాత అతను పిల్లని సగం రోజులు తన దగ్గరే ఉంచమని కోర్టులో అడిగాడు. తన ఇంటిది కన్నతల్లిలా చూస్తోందన్నాడు. కన్నతల్లిలా! నేను గుంట గౌను పైకెత్తి మచ్చ చూపించాను. సవతి తల్లి కాల్చిందన్నాను. గుంట బెదిరిపోయి నా చీరలో మొహం దాచుకుంది. అందరూ నమ్మారు. ఇక పిల్లని అటు పంపొద్దన్నారు.

తిరిగొస్తుంటే బస్సులో అడిగింది.

"అమ్మా, అమ్మమ్మ గదా ఎట్టింది?"

"కాదు, సిన్నమ్మే. నీకు గేపకం లేదు."

నా మొహంలోకి చూసింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

పిల్ల సగం రోజులు అక్కడుంటే నాకొచ్చే ఖర్చు తగ్గిపోతుంది, అందుకే అలా అన్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఎవరిని మోసం చేయడానికి? కుళ్లు. ఒట్టి కుళ్లు.

ఇప్పుడు గుంట నర్సు చదువు చదువుతోంది. మొన్న సంతలో ఆ చిన్నమ్మ ఎదురుపడి, "బాగున్నావా పాపా?" అని చెయ్యి చాపింది. నా కూతురు వెనక్కి జరిగి, "నన్ను కాల్చినదానివి, నాతో ఏటి మాట నీకు?" అంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. నావైపు ఒక్కసారి చూసి వెళ్లిపోయింది. నాకు సంతోషం వేసింది. అవును, సంతోషమే. ఛీ, ఏం మనిషిని నేను?

గుంటకి నిజం చెప్పాలి. చెబితే అది పరుగెత్తి ఆమె దగ్గరికే పోతుంది. అదే నా భయం, ఇప్పటికీ అదే. ఆమె నా బిడ్డని కాల్చలేదు. ఇంతకాలానికి ఈ మాట నా నోటితో అన్నాను.