దూడ వంతు

నా చిన్నప్పుడు కోటగిరి దగ్గర మా ఊళ్లో తెల్లవారితే చాలు, కాలువ గట్టు మీద పాల క్యాన్ల చప్పుడే. నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్లం, నాన్నను బాపు. అవ్వకు ఒక బర్రె, దానికో దూడ. ఆ రెండింటి మీదున్న ప్రేమలో సగం నా మీదుంటే ఎంత బాగుండునో అని కుళ్లుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే పాల కేంద్రంలో ఎవరి పాలు వాళ్లవి కొలిచి, వెన్న ఎంతుందో చూడడం మొదలుపెట్టారు. అవ్వ పాలలో వెన్న ఎప్పుడూ తక్కువే. "నీళ్లు కలుపుతున్నది ముసల్ది" అని వరుసలో గుసగుసలు. ఇంకోసారి తక్కువొస్తే పాలు తీసుకునేది లేదని కేంద్రంవాళ్లు చెప్పేశారు. అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే, పాలు పరీక్షించే సారు మా కొట్టానికే వచ్చారు, తన కళ్లెదుట పిండమని. అవ్వ పొదుగు కడిగి పిండింది. ఇంకా పాలుండగానే లేచి, ఎప్పటిలాగే దూడను విప్పింది.

"ఆగవ్వా, ఆఖరి పాలు గూడ పిండు. నాకో అనుమానమున్నది" అన్నారు సారు.

"గవి దూడయి సారూ! నా పేరు ఖరాబైతే కానియ్, దాని నోటికాడియి నేను గుంజ."

సారు కసురుకోలేదు. ఒక్క చిన్న సీసాకే ఇమ్మని బతిమాలారు. అవ్వ గొణుక్కుంటూ, దూడ మూతిని మోచేత్తో నెడుతూ ఆ సీసా నింపింది.

కేంద్రంలో అందరి ముందూ పరీక్ష జరిగింది. బకెట్లో పాలకు ఎప్పటి అంకే వచ్చింది. సీసా పాలలో మాత్రం అంత వెన్న ఎవరూ చూడలేదు. "నీళ్ల ముచ్చటే లేదు. ఈ అవ్వ ఆఖరికొచ్చే చిక్కటి పాలన్నీ దూడకు ఇడిసిపెడుతున్నది, గంతే" అని సారు గట్టిగా చెప్పారు. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇంటికొచ్చాక మా బాపు ఊరుకుంటాడా!

"వెన్నంత ఏడున్నదో ఇగ తెలిసింది గదనే అవ్వా, రేపటి సంది మొత్తం పిండుదాం."

అవ్వ బాపును ఎగాదిగా చూసింది. "తెల్సినంక ఇంకెట్ల పిండుతరా?"

ఇప్పుడు నా కొట్టంలోనూ బర్రెలున్నాయి. మిషన్ మీద అంకె తక్కువ పడితే కేంద్రంలో పిల్లగాడు నా వైపు అదోలా చూస్తాడు. నేనేం సంజాయిషీ చెప్పుకోను. మిగతా వెన్న ఎవరి కడుపులో ఉందో నాకు తెలుసు.