బూట్లు మరిచిన దారి

రాజుగారు మంత్రాలు నిషేధించినా, చెప్పులు కుట్టే బక్కాయన గొంతు మాట వినదు. దారానికి మైనం పూస్తూ కూనిరాగం తీశాడంటే, ఆ జోడు తొడుక్కున్న మనిషిని, ఆ మనిషికి మనసైన చోటికి లాక్కుపోతుంది. దొరికితే ఖైదే. అందుకని పని చేసినంతసేపూ పెదాల మధ్య మేకులు కరుచుకుని కూర్చుంటాడు. ఒకనాడు, మంత్రగాళ్లను పట్టుకునే జమాదారమ్మ బూట్లు కుడుతుంటే ఆవిడ ఊరికే నవ్వింది. మేకులు జారిపోయి రాగం బయటపడింది. ఆనాటినుంచి రోజూ సాయంత్రం ఆ బూట్లు ఆవిడను తెచ్చి కొట్టు ముందు నిలబెట్టసాగాయి. ఇక దొరికిపోయినట్టే అనుకున్నాడు బక్కాయన. కుట్లన్నీ విప్పి, మేకులు గట్టిగా కరుచుకుని మళ్లీ కుట్టిచ్చాడు. మర్నాడు ఆవిడ బూట్లు చేతపట్టుకుని ఉత్త కాళ్లతో వచ్చింది. “వీటిని నమ్ముకుంటే తిన్నగా ఇంటికి పోయేలా ఉన్నానయ్యా. మళ్లీ కుట్టు. ముందు ఆ మేకులు ఇలా ఇచ్చెయ్,” అని చెయ్యి చాచింది.