రాజుగారి చెరువులో మొసలి

రత్తమ్మకి ఆ చెరువు పనంటే మొదట్నుంచీ రోతే. నిడదవోలు దాటాక కాలవ పక్కనే పల్లంరాజుగారి చేపల చెరువు. చూసేవాళ్లకి కట్లా, రోహు అని చెప్పేవారు. లోపల పెరిగేది మాత్రం సర్కారు వద్దన్న క్యాట్‌ఫిష్. వాటికి మేత చికెన్ కొట్ల వ్యర్థం. పేగులు, తలకాయలు, ఈకలు నీలం డ్రమ్ముల్లో పులిసి పొంగుతూ ఆటోలో వచ్చేవి. గట్టు మీద నిలబడి వాటిని నీళ్లలో దిమ్మరించడం రత్తమ్మ పని. గులాబీరంగు నురగ తేలేది. చేపలు మీసాలు పైకెత్తి, ఒకదాని మీదొకటి పడి ఎగబడేవి. ఆరేళ్లు చేసినా ఆమెకి అలవాటు కాలేదు. చేపలకూర తినడం ఎప్పుడో మానేసింది.

2006 ఆగస్టులో గోదావరి పొంగింది. కాలవ గట్టు తెగి పొలాలూ చెరువూ ఏకమయ్యాయి. నీళ్లు తీసిన నాలుగో రోజు పొద్దున్నే రత్తమ్మ డ్రమ్ము దొర్లించుకుంటూ వెళ్లేసరికి గట్టు వాలులో వరదకి కొట్టుకొచ్చిన తాటిమొద్దు ఒకటి పడుంది. పక్కనుంచి పోబోతుంటే ఆ మొద్దు నోరు తెరిచింది.

పసుపుపచ్చగా, తడిగా ఉన్న నోరు. వంకర పళ్ల మధ్య కోడిపేగు వేలాడుతోంది. ఈగలు లోపలికి వెళ్లి వస్తున్నా అది నోరు మూయలేదు. రత్తమ్మ డ్రమ్ము అక్కడే వదిలేసి, కాస్త దూరం పోయి వాంతి చేసుకుంది.

కబురందుకుని వచ్చిన పల్లంరాజు తాపీగా చూశాడు.

"మొసలేనే రత్తమ్మా. ఎవరితోనూ అనకు. ఫారెస్టోళ్లొస్తే చేపల్ని కూడా చూస్తారు."

"మరి నేను మేతెలా పోసేదండి రాజుగారూ?"

"దూరం నుంచి పొయ్యి. కడుపు నిండితే అదేం చేస్తుంది!"

మర్నాడు పేగుల కోసం వచ్చిన ఊరకుక్క ఒకటి నీటి అంచున మూతి పెట్టింది. నీళ్లు ఒక్కసారి లేచాయి. మొసలి దాన్ని పట్టుకుని లోపలికి లాగి, గిరగిరా పొర్లింది. కాసేపటికి తలెత్తి, ఒక కాలిని నమలకుండా గుటుక్కున మింగింది. ఆ రోజు రత్తమ్మ అన్నం ముట్టలేదు.

ఆదివారం పల్లంరాజు స్నేహితుల్ని జీపులో తీసుకొచ్చాడు. కాళ్లు కట్టిన కోడిని ప్రాణంతోనే మొసలి ముందు విసిరారు. అది కన్ను కూడా కదపలేదు. కోడి బురదలో కొట్టుకుంటుంటే పగలబడి నవ్వారు. ఒకాయన సోడాసీసా తీసి మొసలి వీపు మీదకి విసిరికొట్టాడు. అది మెల్లగా నీళ్లలోకి జారిపోయింది.

జీపు వెళ్లాక రత్తమ్మ బురదలోకి దిగి కోడి కట్లు విప్పింది. తిన్నగా నిడదవోలు స్టేషన్ దగ్గర టెలిఫోన్ బూత్‌కి నడిచి, ఫారెస్టు ఆఫీసుకి ఫోన్ చేసింది.

మర్నాడు ఉదయభాస్కర్ అనే ఆఫీసరు వలలూ తాళ్లూ పట్టుకున్న నలుగురితో వచ్చాడు. మొసలి ఎండలో నోరు తెరుచుకుని పడుంది.

"మనల్ని తినడానికేనా అండి, అలా నోరు తెరుచుకుంది?" అంది రత్తమ్మ.

"కాదమ్మా. దాని ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు. ఎండలో కాగుతుంది, ఎక్కువైతే అలా నోరు తెరిచి చల్లబడుతుంది. వారానికోసారి తిన్నా సరిపోతుంది. నెలల తరబడి తినకపోయినా బతుకుతుంది."

"నమలదండి. చూశాను."

"ఆ పళ్లు పట్టుకోడానికే, నమలడానికి పనికిరావు. గులకరాళ్లు కూడా మింగుతుంది."

వల పడ్డాక నలుగురూ మీద కూర్చున్నారు. ఆఫీసరు దాని మూతి చుట్టూ గుడ్డ కట్టేశాడు. "మూసే బలముంది గానీ తెరిచే బలం లేదు" అన్నాడు. కింది దవడలో నాలుగో పన్ను బయటికి కనిపిస్తోంది. "అమెరికాలో ఎలిగేటర్లని ఇలాంటివే ఉంటాయి. వాటికి నోరు మూస్తే ఈ పన్ను కనపడదు."

మొసలిని వ్యానులోకి ఎక్కించారు. పైన పాపికొండల వైపు వదులుతారట. అప్పటిదాకా ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే ఉన్న ఆఫీసరుకి రత్తమ్మ డ్రమ్ములు చూపించింది.

"మరి వీటి సంగతేంటండి?"

"అది మా శాఖ కాదమ్మా. ఫిషరీస్ వాళ్లకి రాస్తాను."

అంతలో పల్లంరాజు నవ్వుతూ వచ్చి నాలుగు పెద్ద క్యాట్‌ఫిష్‌లు డ్రైవరు సంచిలో వేయించాడు. ఆఫీసరు అటు తిరిగి నిలబడ్డాడు. సంచి వ్యానెక్కింది.

"ఫోను చేసింది నువ్వేనంటగా?" అన్నాడు పల్లంరాజు, వ్యాను పోయాక.

"ఆయ్, నేనేనండి."

"ఇన్నేళ్లు కూలిచ్చాను. సిగ్గులేదూ?"

"మీ చేతికింద ఇంకో పూట పనిచేస్తే నాకు సిగ్గులేనట్టేనండి" అని డ్రమ్ములు కడిగే చీపురు గట్టు మీద పడేసి వెళ్లిపోయింది.

వరదకి పోయిన పొలాల్లో మళ్లీ నాట్లు పడుతున్నాయి. కూలి తక్కువైనా రత్తమ్మ ఆ నాట్లేసే ముఠాలో చేరింది. పల్లంరాజు చెరువు ఇంకో రెండేళ్లు అలాగే నడిచింది. ఏ శాఖ వాళ్లూ రాలేదు. రత్తమ్మ మాత్రం చుట్టూ తిరిగి అరమైలు ఎక్కువ నడిచేది గానీ, ఆ గట్టు తొక్కేది కాదు.