గుండీలు రాని డాక్టరు

మా డాక్టరుగారికి ఒక పిచ్చి ఉంది. రోగి చేత చేయించాల్సిన ప్రతి పరీక్షా ముందు తనే చేసి చూపిస్తారు, అదీ అధ్వాన్నంగా.

పక్షవాతం వచ్చినవాళ్లనూ ఎముకలు విరిగినవాళ్లనూ వీడియోలో చూసి, చెయ్యి ఎంత లేస్తోందో, కాలు ఎంత ఆనుతోందో తేల్చడం ఆయన పని. ఆసుపత్రి వెనక, ఎండ రాని గదిలో ఆయన, నేను, ఒక కంప్యూటరు. నేను నర్సుని. ఆయన చెప్పింది రాసుకోవడం, ఆయన పడితే లేపడం నా ఉద్యోగం.

"ఒంటికాలి మీద నిలబడండి, ఇదిగో ఇలా" అని తెర ముందు నిలబడి, మూడు లెక్కపెట్టేలోగా బీరువా మీద వాలిపోతారు. మెడ తిప్పి చూపించబోయి, పట్టేసిందని మూలుగుతారు. ఒక ముసలాయన కంగారుపడి, "అమ్మాయ్, ముందు ఆయన్ని ఏ డాక్టరుకైనా చూపించు" అని నాకు చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. రోజంతా లేవని చేతులూ ఈడ్చే కాళ్లూ చూసేవాళ్లకి నవ్వు తొందరగా రాదు.

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. తెర మీద ఒక దర్జీ. నలభై ఏళ్లు బట్టలు కుట్టినావిడ. పక్షవాతం వచ్చి మూడు నెలలైంది. కుడిచెయ్యి కొంగు కింద దాచుకుని కూర్చుంది. ఫోను పట్టుకున్న కోడలు బతిమాలుతోంది.

"చూపించండి అత్తయ్యా. ఇంకా ఆలస్యం చేస్తే చెయ్యి బిగుసుకుపోతుందంటున్నారు."

"చచ్చిన చెయ్యి. చూసేదేముంది."

డాక్టరుగారు తన చొక్కా పై మూడు గుండీలు విప్పి, మళ్లీ పెట్టుకోబోయారు. మొదటిది జారింది. మళ్లీ జారింది. చివరికి దాన్ని రెండో కాజాలో దూర్చారు. చొక్కా ఒక పక్కకి ఎగిరి కూర్చుంది.

ఆవిడ కాసేపు ఓర్చుకుంది. "అది కాదండీ, కాజా అంచు పట్టుకోవాలి."

"పట్టుకున్నానమ్మా."

"ఏం పట్టుకున్నారు నా మొహం. బొటనవేలితో తొయ్యాలి, ఇలా."

కొంగు కింద నుంచి చెయ్యి బయటికొచ్చింది. బొటనవేలు వణుకుతూ చూపుడువేలి దాకా వెళ్లింది. మిగతా మూడు వేళ్లూ కదల్లేదు. తన చేతిని తనే చూసుకుని ఆవిడ ఏడ్చింది.

"బొటనవేలు ఉందమ్మా" అన్నారు డాక్టరుగారు. "దాంతో మొదలుపెడదాం. మునుపటిలా కుడతారని మాటివ్వలేను. రేపు పదింటికి నాకు మాత్రం గుండీలు నేర్పండి."

ఆవిడ ముక్కు తుడుచుకుంది. "మీకు వస్తాయన్న నమ్మకం లేదు. చూద్దాం."

తెర ఆరిపోయింది. ఆయన కిటికీ వైపు తిరిగి, ఏ వేలు ఎంత కదిలిందో నాకు చెబుతూ, ఒక్క చేత్తో, చూడనైనా చూడకుండా, గుండీలు సరిచేసుకున్నారు. నా కలం ఆగిపోయింది.

"అయితే గుండీలు పెట్టుకోవడం మీకు వచ్చన్నమాట."

"రేపు పదింటిదాకా వచ్చు" అన్నారు. "ఆ తర్వాత రాదు. రాసుకోండి."