కొత్త చేపకు తనిఖీ

ఆఫీసులో పర్యవేక్షకుడిగా పదవీ విరమణ చేసిన ఆయనకు ఏ పనైనా క్రమం తప్పితే గిట్టదు. ఇంట్లోని ఉప్పునీటి గాజు తొట్టెలోకి కొత్తగా తెచ్చిన పసుపు చేపను సైతం క్రమప్రకారమే దింపాడు. చేప ఉన్న సంచిని మొదట తొట్టెలో తేలనిచ్చి, తొట్టె నీటిని సన్నని గొట్టంతో చుక్కచుక్కగా అందులో కలిపి, కొత్త ఉప్పదనానికి అలవాటు పడ్డాక గాని దానిని వదలలేదు. అది బెదరకుండా తొట్టె దీపం ఆర్పించాడు. దాగడానికి రాళ్ల మధ్య సందు ఉంచాడు. గాజు మీద ఎవరూ వేలు పెట్టరాదని ఇంటిల్లిపాదికీ ఆజ్ఞ జారీ చేశాడు.

"నేను కాపురానికొచ్చినప్పుడు కూడా ఇన్ని మర్యాదల్లేవు మామయ్యగారూ," అని కోడలు నవ్వింది.

అయినను చేప రాయి చాటు వదలలేదు, మేత ముట్టలేదు. తిండి మానిన చేప దక్కదని ఆయనకు తెలుసు. అందుచేత చేతులు వెనక్కి కట్టుకొని, మెడ చాచి, కళ్లజోడు గాజుకు తగిలేంత దగ్గరగా మాటిమాటికీ తనిఖీ చేయసాగాడు. మర్నాటి ఉదయం భార్య ఇక ఊరుకోలేదు.

"మీరు వెనక నిలబడితే టైపిస్టులకే వేళ్లు ఆడేవి కావుట. దానికి నోరేం ఆడుతుంది? అటు తిరిగి కూర్చోండి."

తనిఖీని మధ్యలో విడిచిపెట్టడం ఆయన ఎరుగడు. అయినా కుర్చీ గోడవైపు తిప్పుకొని కూర్చున్నాడు. ఆమె చిటికెడు మేత వేసి పక్కకు తప్పుకుంది.

"వచ్చింది. తింటోంది," అంది కాసేపటికి మెల్లగా. "మీరు మాత్రం తిరక్కండి."

సగం తిరిగిన మెడను ఆయన ఆపుకున్నాడు.

"నిదానంగా తింటోందా, ఆత్రంగానా?" అని గోడనే అడిగాడు.